ఖురాన్‌లో పోలికలు: ఎక్కడి దాకా అలంకారం, ఎక్కణ్ణుంచి ఉన్నదున్నట్టు?

నాగావళి_గట్టు
మాది సిక్కోలు టౌను. ఇంట్లో ఉర్దూ, బడి చదువంతా తెలుగు మీడియం. అరబ్బీ అక్షరాలు చదవడం వచ్చు గాని అర్థం రాదు, మా ఇళ్లల్లో చాలామందిమి ఇంతే. మా పెద్దాడు ఇంటర్ సెకండియర్. రంజాన్ నెలలో తెలుగు ఖురాన్ పట్టుకుని కూర్చుంటే సంతోషించాను. తర్వాత మొదలైంది గొడవ. "అబ్బా (నాన్నా), అల్లాహ్‌ని కాదని వేరే ఆసరా వెతుక్కునేవాళ్లు సాలీడులా ఇల్లు కట్టుకున్నారని ఉంది. ఇది ఉపమాలంకారం. ఇంకోచోట ‘అల్లాహ్ చెయ్యి వాళ్ల చేతుల మీద ఉంది’ అని ఉంది. అది రూపకమా, నిజంగా చెయ్యేనా?" అని అడిగాడు. నమాజ్ అయ్యాక ఒక పెద్దాయన్ని అడిగితే "అలాంటివి అడక్కూడదు బాబూ" అన్నారు. ఇంకొకాయన "అంతా ఉన్నదున్నట్టే నమ్మాలి, అలంకారాలూ గిలంకారాలూ కావ్యాలకి" అని తీసిపారేశాడు. ఆఫీసులో పక్క సీటాయనైతే "సూది బెజ్జంలో ఒంటె దూరడం ఏటండీ" అని ఒకటే నవ్వు. నాకు కావలసింది ఒక్కటే. గీత ఎక్కడ గీయాలి, ఎవరు గీస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి. మతాల కుస్తీ మాత్రం వద్దు.

గంటస్తంభం
ఇంటర్ కుర్రాడు ఫోను వదిలి పుస్తకం పట్టుకున్నాడంటే ముందు దిష్టి తీయించండి. ఉపమా రూపకమా తర్వాత చూద్దాం.

ప్రశ్నార్థకం
జవాబు చాలా సులువు. ఇబ్బంది పెట్టని వాక్యమైతే అక్షరాలా నిజం, ఇబ్బంది పెట్టిందా అలంకారం. అన్ని మతాల్లోనూ పండితులు చేసేది ఇదే. గీత ఎవరు గీస్తారంటే, ఇరుక్కున్నవాళ్లు గీస్తారు.

బొబ్బిలి_మాస్టారు
ప్రశ్నార్థకం గారూ, మాట చురుగ్గా ఉంది గాని సరుకు లేదు. నేను తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఖురాన్ పండితుణ్ణి కాను, అలంకారాల సంగతి మాత్రం కాస్త తెలుసు. మన శాస్త్రంలో ‘గంగాయాం ఘోషః’ అని పాత ఉదాహరణ ఒకటుంది. గంగలో గొల్లపల్లె అని. నీటి మీద పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. దీన్ని లక్షణ అంటారు. అయితే ఇష్టమొచ్చినప్పుడు ఈ పని చెయ్యడానికి లేదు. ముందు ముఖ్యార్థానికి బాధ కలగాలి, అంటే మామూలు అర్థం పొసగకూడదు. రెండోది, కొత్త అర్థానికీ పాతదానికీ సంబంధం ఉండాలి. ఈ రెండూ లేకుండా అర్థం మార్చేవాణ్ణి మా రోజుల్లో బెంచీ ఎక్కించేవాళ్లం. అరబ్బీ వాళ్లకీ ఇలాంటి కట్టడే ఉందని విన్నాను. తెలిసినవాళ్లు చెప్పాలి.

తెల్లదారం
ఉంది మాస్టారూ. అక్షరార్థాన్ని హకీఖత్ అంటారు, దాన్ని దాటి వెళ్లేది మజాజ్. దాటాలంటే కరీనా ఉండాలి, అంటే దాటమని చెప్పే ఆనవాలు. అది లేకుండా దాటితే ఒప్పుకోరు. మీరు చెప్పిన గొల్లపల్లె లాంటిదే ఖురాన్‌లో ఒకటుంది. యూసుఫ్ ప్రవక్త అన్నలు చిన్న తమ్ముడు లేకుండా తండ్రి దగ్గరికి వచ్చి "మేమున్న ఊరిని అడుగు, మేం వచ్చిన బిడారుని అడుగు" అంటారు (12:82, అంటే 12వ అధ్యాయం, 82వ వాక్యం). ఊరిని అడగడమంటే గోడల్ని అడగడం కాదని పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

నాగావళి_గట్టు గారూ, మీవాడి ప్రశ్న కొత్తదేం కాదు. అదీ ఇబ్న్ హాతిమ్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) కథ వినిపించండి. ఉపవాసం రోజుల్లో "తెల్లదారం నల్లదారం నుంచి విడిగా కనిపించేదాకా తినండి, తాగండి" అన్న ఆయత్ (ఖురాన్ వాక్యం, 2:187) విని, ఆయన నిజంగానే ఒక నల్ల తాడు, ఒక తెల్ల తాడు దిండు కింద పెట్టుకుని రాత్రంతా తీసి తీసి చూశారట. తేడా తెలియలేదు. పొద్దున్నే ప్రవక్త (స) దగ్గరికెళ్లి చెబితే, "ఆ రెండు దారాలూ నీ దిండు కింద పట్టాయంటే నీ దిండు చాలా పెద్దదే" అన్నారు. అది రాత్రి నలుపు, పగటి తెలుపు అని వివరించారు. బుఖారీ హదీసుల (ప్రవక్త మాటల) సంకలనంలో ఉన్న సంగతే. అడిగినందుకు కోప్పడలేదు, "అడక్కూడదు బాబూ" అనలేదు.

గంటస్తంభం
ఓహో, ఇన్నాళ్లూ మీ హ్యాండిల్ చూసి పొందూరు ఖద్దరు షాపు అనుకున్నాను.

తెల్లదారం
@గంటస్తంభం పొందూరు నేతకి దణ్ణం పెడతాను గాని, పేరు మాత్రం ఆ దిండు కిందదే.

చీపురుపల్లి_ఆడపడుచు
ఆ 2:187లోనే ఇంకో మాట ఉంది, మగవాళ్లెవరూ దాన్ని ఎత్తరు. భార్యల గురించి "వాళ్లు మీకు వస్త్రం, మీరు వాళ్లకు వస్త్రం" అని. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. పెళ్లయిన కొత్తలో మా అమ్మమ్మ ఇది చెప్పి, "బట్టంటే ఒంటి మచ్చ బయటపడకుండా కప్పాలి, చలికి కాయాలి, బిగుతైతే ఊపిరాడదు, కొలత ఇద్దరూ చూసుకోవాలి" అంది. ఆవిడ తఫ్సీర్ (వ్యాఖ్యానం) ఏదీ చదవలేదు. తల్లిదండ్రుల గురించి "వాళ్ల ముందు దయతో వినయపు రెక్క దించు" అని ఉంటుంది (17:24). కొడుక్కి రెక్కలెక్కడివి అని ఎవరైనా అడుగుతారా? చాడీ చెప్పడం చచ్చిన అన్న మాంసం తినడమేనని 49:12లో ఉంది. మా వీధిలో ఆ లెక్కన రోజూ సాయంత్రం విందే.

ప్రశ్నార్థకం
@తెల్లదారం బాగుంది. ఊరూ, దారం, రెక్క అన్నీ సరే. సాలీడు సంగతి చెప్పండి. "ఇళ్లన్నిటిలోకీ బలహీనమైనది సాలీడు ఇల్లు" అని 29:41. సాలీడు పట్టు అదే బరువు ఉక్కు కన్నా గట్టిదని సైన్సు చెబుతోంది. ఇక్కడ కూడా అలంకారం అని తప్పుకుంటారా?

జామియా_వీధి
సోదరా, అది సైన్సు అద్భుతం! ఆడ సాలీడు మగదాన్ని తినేస్తుంది. అందుకే ఆ ‘ఇల్లు’ బలహీనం. 1400 ఏళ్ల కిందటే చెప్పేశారు. యూట్యూబ్‌లో వీడియో ఉంది, పంపనా?

తెల్లదారం
@జామియా_వీధి వద్దు తమ్ముడూ. ఆయన ఉక్కుతో కొడితే నువ్వు సంసారంతో తిప్పికొడుతున్నావు, ఇద్దరూ ఆయత్‌ని వదిలేశారు. అక్కడున్న మాట దారం కాదు, ఇల్లు. ఇల్లు దేనికి? ఎండకీ చలికీ వానకీ అడ్డం ఉండటానికి. సాలీడు గూడు వీటిలో ఏదీ ఆపదు. పాత వ్యాఖ్యాతలు చెప్పిందీ ఇదే. దారం ఎంత గట్టిదైనా దాని కింద తల దాచుకోలేం. ఆసరా అనుకుని పట్టుకున్నది అవసరానికి ఆసరా కాకపోవడం గురించి ఆ పోలిక. మొత్తం సూరాకి (అధ్యాయానికి) ఆ సాలీడు పేరే పెట్టారు, అన్‌కబూత్ అని. పోలికలో దేన్ని దేనితో పోల్చారో ఆ ఒక్క ముడి చూడాలి. మిగతా కాళ్లూ కళ్లూ లెక్కపెట్టడం మొదలుపెడితే ఏ పోలికా నిలవదు.

బొబ్బిలి_మాస్టారు
సాధారణ ధర్మం అంటాం దాన్ని. "ముఖం చంద్రబింబం" అన్నవాణ్ణి ముఖం మీద గుంటలున్నాయా అని అడగం.

గంటస్తంభం
మా ఆవిడ అడుగుతుంది మాస్టారూ.

ఉద్దానం_తోట
నాను ముస్లింని కాదు, ఖురాన్ సదవలేదు. ఇదే వేదికలో ఎవరో పాతప్పుడు 2:266 అని పెట్టీనారు, అది మాత్రం మర్సిపోలేదు. మీలో ఎవడికైనా ఖర్జూరం, ద్రాక్ష తోట ఉండి, కింద కాలవలు పారతా, అన్ని రకాల పళ్లూ కాస్తా ఉంటే, ఆడికి ముసిలితనం వచ్చీసి, పిల్లలింకా సేతికందక ముందు, నిప్పుల సుడిగాలి వచ్చి తోటంతా కాలిపోతే ఇష్టమేనా అని అడుగుతాది అందులో.

మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ వచ్చింది. జీడి చెట్లు వేళ్లతో లేసిపోనాయి. కొబ్బరి సగం పడిపోనాది, సగం నిలబడ్డాది. బయటోళ్లు సూసి "పర్లేదు, చాలా చెట్లు ఉన్నాయి" అనీవోరు. దగ్గరికెల్లి పైకి సూస్తే మొవ్వు మెలి తిరిగిపోనాది. మొవ్వు తిరిగిన చెట్టు నిలబడ్డా సచ్చినట్టే, ఆకు ఒక్కొక్కటీ ఎండి వేలాడి రాలతాది. మా అయ్య నిలబడ్డ చెట్ల దగ్గరికే ఎల్లి, ఒక్కోదాని మీదా సెయ్యేసి పైకి సూసి వచ్చీసేవోడు. మళ్లీ మొక్క ఎడదాం అంటే "ఆరేడేళ్లకి కాస్తాది. అది కాసినప్పుడు నానుండొద్దా?" అన్నాడు. గాలి కాదు బాబూ ఆ ఆయత్‌లో మాట, ముసిలితనం. గాలి కుర్రోడి తోట మీద పడితే ఆడు మళ్లీ ఏస్తాడు. ఎవడు రాసినా, ఎవడు సెప్పినా, తోట పోగొట్టుకున్నోడి లోపల తెలిసినోడే సెప్పినాడు.

చీపురుపల్లి_ఆడపడుచు
@ఉద్దానం_తోట అన్నా, చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

తెల్లదారం
@ఉద్దానం_తోట మీరు పట్టుకున్నదే దాని ఆయువుపట్టు. ఈ ఆయత్ మీద ఒక సంగతి ఉంది. ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్నప్పుడు సహాబాలని కూర్చోబెట్టి ఇది దేని గురించో చెప్పమన్నారు. అందరూ "అల్లాహ్‌కే తెలుసు" అన్నారు. ఆయనకి కోపమొచ్చింది. "తెలుసని చెప్పండి, లేకపోతే తెలీదని చెప్పండి" అన్నారు. అందరిలోకీ చిన్నవాడు ఇబ్న్ అబ్బాస్, "నా మనసులో ఒకటుంది" అన్నాడు. "చెప్పు నాయనా, నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు" అన్నారు ఉమర్. ఇది మనిషి చేసే పనులకి చెప్పిన పోలిక అన్నాడు కుర్రవాడు. దానికి ఉమర్ వివరణ ఇచ్చారు: కలిగినవాడు ఎన్నో మంచి పనులు చేసి, తర్వాత షైతాను మాట విని, పాపాలు చేసి, ఆ మంచినంతా ముంచుకోవడం అని.

నాగావళి_గట్టు గారి మసీదు పెద్దాయనకి ఇది ఎవరైనా చెప్పాలి. "అల్లాహ్‌కే తెలుసు" అనడం అన్ని చోట్లా భక్తి కాదు, ఒక్కోసారి తప్పించుకోవడం.

ఇంకోటి. ఇది ఒంటరి పోలిక కాదు. వరుసగా చదవాలి. 2:261లో ఒక గింజ నుంచి ఏడు కంకులు, కంకికి నూరు గింజలు. 264లో నున్నటి బండ మీద కాస్త మట్టి, జోరువాన కొట్టగానే ఉత్త బండ. అది దానం చేసి దెప్పేవాడి సంగతి. 265లో మెరక మీది తోట, వాన పడితే రెట్టింపు కాపు, పడకపోయినా మంచు తడి చాలు. ఆ తర్వాత ఈ కాలిపోయిన తోట. అదే మట్టి, అదే నీరు. ఇచ్చేవాడి బుద్ధిని బట్టి ఒకచోట పంట, ఒకచోట బండ.

సలఫ్_బాట
ఇప్పటిదాకా ఎవరూ కాదనలేనివే మాట్లాడుతున్నారు. పోలిక అని ఖురానే చెప్పినచోట పోలికే, మసల్ (పోలిక) అన్న మాట అక్కడే ఉంటుంది. అందులో పేచీ లేదు. అసలు ప్రశ్న అబ్బాయి అడిగింది: అల్లాహ్ చెయ్యి. దాన్ని ‘శక్తి’ అనో ‘దయ’ అనో మార్చడానికి మనకు హక్కు లేదు. ఆదమ్‌ని "నా రెండు చేతులతో సృష్టించాను" అని 38:75. శక్తి అనే అర్థమైతే రెండు శక్తులంటారా? అల్లాహ్ అర్ష్ (సింహాసనం) మీద ఇస్తివా (నెలకొనడం, 20:5) గురించి ఒకడు "ఎలా?" అని అడిగితే ఇమామ్ మాలిక్ తల దించుకున్నారు, చెమట పట్టింది. తర్వాత చెప్పారు: ఇస్తివా తెలిసినదే, ఎలా అన్నది తెలియనిది, నమ్మడం విధి, దాని గురించి తవ్వడం బిద్అత్ (మతంలో లేని కొత్త పోకడ). అక్కడితో ఆగాలి.

ప్రశ్నార్థకం
అంటే దేవుడికి శరీరం ఉందన్నమాట.

సలఫ్_బాట
కాదు. "ఆయన్ని పోలినది ఏదీ లేదు" అని 42:11. అదే ఆయత్ చివర "ఆయన వినేవాడు, చూసేవాడు" అని ఉంది. పోలిక లేదంటూనే వినికిడీ చూపూ ఉన్నాయని చెప్పింది. మనమూ అంతే. ఉందంటాం, మన చెయ్యి లాంటిది అనం, ఎలా అని అడగం.

బొబ్బిలి_మాస్టారు
సలఫ్_బాట గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. 17:29లో "నీ చెయ్యి మెడకు కట్టుకోకు, అలాగని పూర్తిగా చాచెయ్యకు" అని ఉందట కదా. అది పిసినారితనం, దుబారా గురించేనని మీరూ ఒప్పుకుంటారు. మనం "చేతికి ఎముక లేని మనిషి" అంటే డాక్టరుకి చూపించం. మనిషి చెయ్యి దగ్గర దాటిన గీతని దేవుడి చెయ్యి దగ్గర ఎందుకు దాటరు?

సలఫ్_బాట
ఎందుకంటే అక్కడ మెడకి కట్టుకోవడం అనే ఆనవాలు ఉంది. ఎవరూ మెడకి చెయ్యి కట్టుకుని తిరగరు. మీ మాటలో చెప్పాలంటే ముఖ్యార్థానికి బాధ ఉంది. 38:75లో ఏ బాధ ఉంది? మీ మనసులో మనిషి చెయ్యి మెదిలింది కాబట్టి బాధ అనిపించింది. అది మీ ఊహతో వచ్చిన బాధ, వాక్యంతో వచ్చింది కాదు.

బొబ్బిలి_మాస్టారు
భేష్. ఇది నేను ఊహించని జవాబు. పూర్తిగా ఒప్పుకోను గాని, మా క్లాసులో అయితే మార్కులు వేసేవాణ్ణి.

తెల్లదారం
మాస్టారూ, మీరిద్దరూ ఇప్పుడు వాదించుకున్నది సరిగ్గా వెయ్యేళ్లు నడిచిన వాదం. ముతజిలా (బుద్ధికి పెద్దపీట వేసిన పాత వర్గం) వాళ్లు దేవుడికి దేహం లేదని బుద్ధే చెబుతోంది, అదే ఆనవాలు, కాబట్టి అర్థం మార్చాల్సిందే అన్నారు. ఇప్పుడు సలఫ్_బాట చెప్పింది ఇంకో కొస. నడుమ అషఅరీలు అనే పండిత వర్గం ఉంది. వాళ్లలో కొందరు అర్థాన్ని అల్లాహ్‌కే వదిలేస్తాం అన్నారు, కొందరు తగిన అర్థం చెప్పారు. ఇబ్న్ తైమియా అనే పండితుడు (మరణం 1328) అయితే అసలు హకీఖత్, మజాజ్ అన్న విభజనే మొదటి తరాలవాళ్లకి తెలియదు, తర్వాత వచ్చింది, దాన్ని పట్టుకుని వేలాడొద్దు అన్నాడు. సందర్భంలో మాట దేన్ని చెబుతుందో అదే దాని అసలు అర్థం అంటాడు. అంటే "ఊరిని అడుగు"లో మజాజ్ ఏం లేదు, ఊరంటే జనమని అరబ్బులు ఎప్పుడూ అనుకునేదే.

ఈ తగాదా అంతా 3:7 దగ్గర మొదలవుతుంది. కొన్ని ఆయతులు ముహ్కమ్, స్పష్టమైనవి, గ్రంథానికి తల్లివేరు. కొన్ని ముతషాబిహ్, అర్థం తేలిగ్గా తేలనివి. వాటి అసలు అర్థం "అల్లాహ్‌కి తప్ప తెలియదు, జ్ఞానంలో పాతుకుపోయినవారు నమ్మాం అంటారు" అని ఆ వాక్యం. అల్లాహ్ దగ్గర ఆగి చదివితే ఆయనకొక్కడికే తెలుసు. ఆగకుండా చదివితే పాతుకుపోయిన జ్ఞానులకీ తెలుసు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్న దాని మీద పెద్ద పెద్దవాళ్లే రెండుగా చీలారు. నాగావళి_గట్టు గారి ‘గీత ఎవరు గీస్తారు’ అన్న ప్రశ్న ఆ ఆయత్‌లోనే కూర్చుని ఉంది.

నా మటుకు మూడు రకాలు విడదీసుకుంటే కుర్రాడికి చిక్కు తగ్గుతుంది. పోలిక అని తనే చెప్పినవి: సాలీడు, గింజ, తోట. జనం రోజూ మాట్లాడే తీరులో వచ్చినవి: ఊరిని అడుగు, రెక్క దించు, మెడకు కట్టిన చెయ్యి. ఈ రెండింటి దగ్గరా ఎవరికీ పేచీ లేదు. మిగిలింది అల్లాహ్ గురించీ పరలోకం గురించీ చెప్పినవి. పేచీ అంతా అక్కడే. మూడోదాని భయంతో మొదటి రెండింటి గురించి పిల్లల నోరు మూయించడమే మనవాళ్లు చేస్తున్న తప్పు.

గంటస్తంభం
సూది బెజ్జంలో ఒంటె ఏ రకం?

తెల్లదారం
రెండోది. 7:40. ఎప్పటికీ జరగదు అని చెప్పడం. మనం ఇసుకలోంచి నూనె తీసినప్పుడు చూద్దాంలే అనమా. ఆ ఆఫీసాయన తను రోజూ మాట్లాడే తెలుగుకి నవ్వుకోవాలి ముందు.

కలింగపట్నం_అల
24:40 ఎవరూ ఎత్తలేదేటి? మాది ఏటకెల్లే ఇల్లు, ఇప్పుడు నాను బ్యాంకులో ఉన్నాను. లోతు సముద్రంలో చీకటి, అల మీద అల, దాని మీద మబ్బు, చీకట్ల మీద చీకట్లు, సెయ్యి చాపితే సెయ్యి కనపడదు అని. అమాస నాడు మబ్బు పట్టినప్పుడు లోపలికెల్లినోడికి తెలుస్తాది, అది ఎక్కువ చేసి సెప్పింది కాదు. వల తీసినప్పుడు తాడు చేతిలో ఉందని చేతికి తెలుస్తాది, కంటికి తెలీదు. ఒడ్డు మీద లైట్‌హౌస్ దీపం కనపడితేనే అటు తూర్పో ఇటు పడమరో తెలిసీది.

బొబ్బిలి_మాస్టారు
దాని ముందు ఆయత్ (24:39) చదివితే ఇంకా రుచి. అక్కడ ఎండమావి. దాహంతో ఉన్నవాడు నీళ్లనుకుని పోతాడు, దగ్గరికెళ్తే ఏమీ ఉండదు. ముందు మిట్టమధ్యాహ్నపు మెరుపు మోసం, వెంటనే నడిసముద్రపు చీకటి. ఒకడికి ఎక్కువ కనిపించి చెడ్డాడు, ఇంకొకడికి ఏమీ కనిపించక. ఈ జంటని కట్టినవాడి చేతి వాటం చూడండి. ఇక్కడ ‘చెయ్యి’ అలంకారమే, సలఫ్_బాట గారూ, మీరు కంగారు పడకండి.

సలఫ్_బాట
😀 ఒప్పుకున్నాం మాస్టారూ.

చీపురుపల్లి_ఆడపడుచు
ఆ రెండింటికీ కాస్త పైనే 24:35, నూర్ ఆయత్. దాన్ని వదిలేసి ఈ చర్చ చెయ్యడమేంటి? "అల్లాహ్ భూమ్యాకాశాలకు వెలుగు. ఆ వెలుగు ఎలాంటిదంటే, ఒక గూడు, గూట్లో దీపం, దీపం గాజులో, ఆ గాజు మెరిసే చుక్కలా. తూర్పుదీ పడమటిదీ కాని ఆలివ్ చెట్టు నూనెతో వెలుగుతుంది, నిప్పు తగలకముందే ఆ నూనె వెలిగిపోతుందేమో అన్నట్టుంటుంది. వెలుగు మీద వెలుగు." మా పాత మట్టింట్లో వాకిలి పక్క గోడకి గూడు ఉండేది. కిరసనాయిలు దీపం అరుగు మీద పెడితే నాలుగు వైపులా చెదిరి ఎటూ సరిపోదు, గాలికి రెపరెపలాడుతుంది. అదే దీపం గూట్లో పెడితే వెనక గోడ వెలుగుని ముందుకు తోసేది. సున్నం వేసిన గూడైతే మరీను. చిమ్నీ తుడిచి పెడితే మంట నిలబడి, పొగ తగ్గి, వెలుగు తెల్లబడేది. చిమ్నీ తుడిచే పని నాదే, చిన్న చెయ్యి లోపలికి పడుతుందని. ఆ ఆయత్ మొదటిసారి తెలుగులో చదివినప్పుడు ఒక్కో మెట్టూ ఎందుకుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తెల్లదారం
@చీపురుపల్లి_ఆడపడుచు అక్కా, ఇది తఫ్సీర్లలో కూడా ఇంత బాగా దొరకదు. చాలామంది గూడు అంటే విశ్వాసి ఛాతీ, గాజు అంటే గుండె, దీపం అంటే విశ్వాసం అన్నారు. గజాలీ అనే పండితుడు (మరణం 1111) ఈ ఒక్క ఆయత్ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన లెక్కలో గూడు ఇంద్రియాలు, గాజు ఊహ, దీపం బుద్ధి, చెట్టు ఆలోచించే శక్తి, నూనె ప్రవక్తలకుండే చూపు. తూర్పుదీ పడమటిదీ కాదనడానికి ఎక్కువమంది చెప్పిన మాట వేరే, తోటల వాళ్లకి నచ్చుతుంది: పొద్దునో సాయంత్రమో మాత్రమే ఎండ తగిలేది కాదు, మెరక మీద ఉండి రోజంతా ఎండ తాగే చెట్టు. దాని కాయ నూనె బాగా తేరుతుందని.

ఉద్దానం_తోట
ఇది సరైన మాట. నీడలో ఉన్న చెట్టు కాయకి రంగూ ఉండదు, రుచీ ఉండదు.

ప్రశ్నార్థకం
గజాలీ ఒకటన్నాడు, ఇంకొకరు ఇంకోటన్నారు. ఎవరి ఇష్టం వాళ్లది అన్నమాట. నేను మొదట అన్నదీ అదే కదా.

బొబ్బిలి_మాస్టారు
కాదు బాబూ. మీరన్నది ఇరుక్కున్నప్పుడు అలంకారం అంటారని. ఇక్కడ ఎవరూ ఇరుక్కోలేదు. పోలిక అని మూలమే చెప్పింది, ఎంత దూరం లాగాలన్నదే తేడా. సలఫ్_బాట గారిని చూడండి, ఇబ్బంది కలిగినా అర్థం మార్చనంటున్నారు. మీ సూత్రానికి ఆయనే అడ్డం నిలబడ్డాడు.

జామియా_వీధి
మాస్టారు గారు ఇంత చక్కగా చదివారు, మీకు ఖురాన్ ఎక్కడ దొరికింది?

బొబ్బిలి_మాస్టారు
మా ఇంట్లోనే. మనవాళ్లకి తెలియదు గాని, ఖురాన్‌ని మొట్టమొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు మన శ్రీకాకుళం ప్రాంతం మనిషే. భాషావేత్త, అనంతపురం కళాశాలలో పనిచేశారు. స్వాతంత్ర్యానికి చాలా ముందే ఆ పని చేశారు. ఇటు విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు. హరికథ చెప్పే నోటితో ఆ పని చేశారు! మా కాలంలో ఒకరి గ్రంథం ఇంకొకరు చదవడం వింత కాదు.

గంటస్తంభం
బాబామెట్ట ఖాదర్ బాబా ఉరుసుకి వెళ్లేవాళ్లలో సగం మంది పైడితల్లి సిరిమానుకీ వస్తారు. ఇజీనారంలో అదేం వింత.

సలఫ్_బాట
దర్గాల గురించి ఇక్కడ వద్దు, దారి తప్పుతుంది.

మోడరేటర్
అవును. ఉరుసు, సిరిమాను గురించి పక్క విభాగంలో రాసుకోండి. ఇక్కడ పోలికలే.

నాగావళి_గట్టు
అందరివీ వాడికి చదివి వినిపించాను. దిండు కథకి పడీపడీ నవ్వాడు. ఉద్దానం అన్న రాసింది రెండుసార్లు చదవమన్నాడు. కొత్త ప్రశ్న వచ్చింది, తప్పదు. నరకంలో జఖ్ఖూమ్ చెట్టు పళ్లు "షైతానుల తలల్లా" ఉంటాయని 37:65. "షైతాను తల ఎవరూ చూడలేదు కదా అబ్బా, తెలియనిదాన్ని తెలియనిదానితో పోలిస్తే ఏం తెలుస్తుంది?" అంటాడు.

తెల్లదారం
మీవాడికి ముద్దు పెట్టండి. ఈ ప్రశ్న బగ్దాద్‌లో ఒక వజీరు కొలువులో అడిగారు. బస్రా పండితుడు అబూ ఉబైదా జవాబిచ్చాడని కథ చెబుతారు. అరబ్బు కవి ఇమ్రుల్ ఖైస్ తన బాణపు మొనల్ని ‘గూల్ కోరల’తో పోల్చాడు. గూల్ అంటే ఎడారి పిశాచి, దాన్నీ ఎవరూ చూడలేదు. అయినా విన్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది, పోలిక పని అయిపోయింది అన్నాడట. ఆ ప్రశ్న తర్వాతే ఆయన ఖురాన్ మాటతీరు మీద పుస్తకం రాయడానికి కూర్చున్నాడంటారు.

చీపురుపల్లి_ఆడపడుచు
తల దువ్వుకోకపోతే మా అమ్మ "దెయ్యంలా ఉన్నావు" అనేది. ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు. దువ్వెన కోసం మాత్రం పరిగెత్తేదాన్ని.

ప్రశ్నార్థకం
సరే, ఇది నచ్చింది. అయితే ఒకటి చెప్పండి. స్వర్గంలో పాల నది, తేనె నది అని 47:15. అదీ దెయ్యం లాంటిదేనా?

సలఫ్_బాట
అది నిజం. పోలిక కాదు.

తెల్లదారం
@ప్రశ్నార్థకం మామూలుగా మావాళ్లందరూ నిజమనే అంటారు, నేనూ అంతే. కాకపోతే ఆ ఆయత్ మొదలయ్యేదే "మాట ఇచ్చిన తోట ఎలాంటిదంటే" అని, మసల్ అన్న మాటతోనే. ఇంకోచోట (32:17) వాళ్ల కోసం ఏం దాచి ఉందో ఏ ప్రాణికీ తెలియదు అని ఉంది. స్వర్గంలో ఉన్నవాటికీ ఇక్కడివాటికీ పేర్లు మాత్రమే కలుస్తాయని ఇబ్న్ అబ్బాస్ అన్నాడు. పాలు అన్న పేరు అర్థమవడానికి, ఆ పాలు మన డెయిరీ పాలు కాదు.

సలఫ్_బాట
దీనికి నాకు అభ్యంతరం లేదు. చెయ్యి గురించి నేను చెప్పిందీ ఇదే పద్ధతి కదా. పేరు కలుస్తుంది, ఎలా అన్నది కలవదు. మరి అక్కడ ఎందుకు ఒప్పుకోలేదు మీరు?

తెల్లదారం
తప్పని నేనెక్కడన్నాను? ఉన్న దారులు చెప్పాను, మీ దారి వాటిలో ఒకటి. నేను అషఅరీల వైపు, అర్థాన్ని ఆయనకే వదిలేసే వాళ్లలో. మీరు ‘ఎలా’ని వదిలేస్తారు, నేను ‘ఏమిటి’ని కూడా వదిలేస్తాను.

బొబ్బిలి_మాస్టారు
ఆ తేడా సన్నంగా కనిపిస్తుంది గాని సన్నం కాదు. దీని మీద మీరిద్దరూ విడిగా రాయండి, నేను చదువుతాను.

గంటస్తంభం
నాగావళి గారూ, మీవాడు గ్రూప్ ఏంటి? ఎంపీసీ అయితే తెలుగు డిగ్రీకి పంపే పని చూసుకోండి.

నాగావళి_గట్టు
బైపీసీ అండి. సాలీడు సంగతి వాడికి నాకన్నా బాగా తెలుసు. జిన్నుల గురించి రాసి పెట్టుకున్నాడట, ఏడు ప్రశ్నలు. ఇక్కడే వెయ్యమంటారా?

మోడరేటర్
కొత్త థ్రెడ్ తెరవండి. దయచేసి ఒక్కో ప్రశ్నే.